దిండు కాదు, దిమ్మె: బెంచ్‌రెస్ట్ రైఫిల్‌కు వెనుక సంచి

నిరుడు వేసవిలో ఒక ఆదివారం పొద్దున్నే, నల్లగొండకు దగ్గర్లో మా మేనమామ బత్తాయి తోటలో, 25 మీటర్ల దూరంలో పెట్టిన అట్ట మీద ఎయిర్ రైఫిల్‌తో ఐదు పెల్లెట్లు, అంటే చిన్న సీసపు గుండ్లు, కాల్చాను. ఎండ ఇంకా ముదరలేదు, ఆకు కదలడం లేదు. వెళ్లి చూస్తే ఐదు రంధ్రాలూ ఒకదాని కింద ఒకటి, కందికాయలో గింజల్లా వరుసగా ఉన్నాయి. అడ్డంగా తేడా లేదు. నిలువునా మాత్రం రెండు వేళ్ల వెడల్పు పారింది. మామ నీళ్ల పైపు వదిలేసి వచ్చి అట్ట చూసి, "ఏందిరా, దారం పట్టి గుచ్చినట్టు అన్ని నిలువుకే పోయినయ్?" అన్నాడు.

అప్పటికి నెల రోజులుగా నా టెన్షన్ అదే. పెల్లెట్ల డబ్బాలు మార్చి చూశాను. స్కోప్ (రైఫిల్ మీద గురి చూసే దుర్భిణి) మరలు విప్పి మళ్లీ బిగించాను. ఊపిరి తీసుకునే పద్ధతి మార్చాను. రైఫిల్ వెనుక కింద పెట్టుకున్న సంచి మీద మాత్రం అనుమానం రాలేదు. పాత జీన్స్ ప్యాంటు కాలు కోసి, బియ్యం పోసి అమ్మ కుట్టిచ్చిన సంచి అది. చెయ్యి పెడితే మెత్తగా దిగేది, రైఫిల్ పెడితే హాయిగా ఒదిగేది. అంత హాయిగా ఉన్నదానిలో తప్పుంటుందని ఎవరికి తడుతుంది?

ఆ రోజు ఎందుకో గురి కుదిరాక ట్రిగ్గర్ నొక్కకుండా రెండు చేతులూ తీసేసి, స్కోప్‌లోంచి ఊరికే చూస్తూ కూర్చున్నాను. స్కోప్ గీతలు గుర్తు నడిమధ్య నుంచి మెల్లగా పైకి పాకుతున్నాయి. నేను ముట్టుకోవడం లేదు, గాలి లేదు, బల్ల కదలడం లేదు. అర నిమిషంలో గీత గుర్తు దాటి పైకి పోయింది. సంచిలో బియ్యం సర్దుకుంటోంది. వెనుక భాగం దిగుతున్న కొద్దీ గొట్టం మూతి పైకి లేస్తోంది. నెల రోజులుగా నేను చేసింది, పాకుతున్న ఆ గీత గుర్తు మీదికి వచ్చిన క్షణాన తొందరపడి నొక్కడం.

అందుకే ఈ వ్యాసం. వెనుక సంచి గురించి అడిగితే చాలామంది "మెత్తగా, రైఫిల్ ఒదిగేలా ఉండాలి" అని చెబుతారు. నాకూ అలాగే చెప్పారు. సంచి అనగానే మనకు దిండు గుర్తొస్తుంది, చిక్కంతా అక్కడే మొదలవుతుంది. బల్ల మీద, ముందు స్టాండ్ పెట్టుకుని కాల్చేవాడికి కావలసింది దిమ్మె. బరువుగా, గట్టిగా, కింద చదునుగా ఉండి, తోలు తొడిగిన రాయిలా కూర్చోవాలి.

బెంచ్‌రెస్ట్ తెలియనివాళ్లకు రెండు మాటలు. రైఫిల్ ముందు భాగాన్ని స్టాండ్ మీద, బట్ అనే వెనుక భాగాన్ని ఇసుక సంచి మీద ఆనించి, బల్ల ముందు కూర్చుని కాల్చే ఆట ఇది. కొన్ని పోటీల్లో ఐదు గుండ్లు ఎంత దగ్గరగా పడ్డాయో కొలుస్తారు. కొన్నింట్లో వరుసగా ఉన్న చిన్న చిన్న గుర్తుల మీద ఒక్కోటీ కాల్చి మార్కులు లెక్కేస్తారు. ఎయిర్ రైఫిళ్లకు ప్రపంచ పోటీల్లో దూరం 25 మీటర్లు, రిమ్‌ఫైర్‌కు (చిన్న .22 తూటా రైఫిల్‌కు) 50 మీటర్లు, ఒక్కో కార్డు మీద 25 గుర్తులు. మన దగ్గర 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కు 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు కాబట్టి నాలాంటివాళ్లు దానితోనే మొదలుపెడతారు. మా అట్ట వెనుక బావి తవ్వినప్పుడు పోసిన మట్టిగుట్ట ఉంది, పక్కలకు దారి లేదు, అందుకే అక్కడ కాలుస్తాం. తోటలో పిట్టలున్నాయి, వాటి వైపు రైఫిల్ తిప్పే మనిషితో నేను మాట్లాడను. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా.

మన రాష్ట్రంలో షూటింగ్ అంటే హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్, 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో ఆయన గెలిచిన కాంస్యం గుర్తొస్తాయి. అక్కడ రైఫిల్‌కు ఆధారం ఒళ్లే. ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో సంచి లాంటిది కనిపించేది మోకాలి మీద కూర్చుని కాల్చేటప్పుడే, అదీ పాదం కింద పెట్టుకునే గుండ్రటి దిండు, 25 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వ్యాసం దాటకూడదు. దాంతో పోల్చి "బల్ల మీద పెట్టి కాల్చడం కూడా ఒక ఆటేనా?" అంటారు. ఒంటి వణుకును పక్కన పెట్టేశాక మిగిలిన తప్పులన్నీ కళ్లముందుకొస్తాయి, వాటిని ఒక్కొక్కటిగా పట్టుకోవడమే ఈ ఆట. 1973లో అమెరికాలో మాక్ మెక్‌మిలన్ 100 గజాల దూరంలో ఐదు గుండ్లను 0.009 అంగుళాల గుంపులో (బాగా ఎడంగా పడ్డ రెండు రంధ్రాల కేంద్రాల మధ్య దూరం అది) వేశాడు. అంటే పావు మిల్లీమీటర్ కన్నా తక్కువ. ఆ రికార్డు నలభై ఏళ్లు నిలిచింది.

ఈ అంకె పక్కన వెనుక సంచిని పెట్టి లెక్క వేద్దాం. నా ముందు స్టాండుకూ వెనుక సంచికీ మధ్య దూరం 75 సెంటీమీటర్లు. అట్ట 25 మీటర్ల దూరంలో ఉంది, అంటే 33 రెట్లు. వెనుక భాగం ఒక్క మిల్లీమీటర్ దిగితే గురి అట్ట మీద 33 మిల్లీమీటర్లు పైకి పోతుంది. పది రూపాయల బిళ్ళ వెడల్పు 27 మిల్లీమీటర్లే. మామూలు తెల్ల కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటర్. సంచి మీద ఆ కాగితం మందమంత తేడా వస్తే అట్ట మీద మూడు మిల్లీమీటర్ల పైన తేడా వస్తుంది. పెల్లెట్ వెడల్పే నాలుగున్నర మిల్లీమీటర్లు! 50 మీటర్లకు పోతే ఇదంతా రెండింతలు.

ఈ లెక్క వేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వేలకు వేలు పోసి స్కోప్ కొన్నాను, పెల్లెట్లను త్రాసులో తూచి ఏరుకున్నాను, వాటన్నిటినీ బియ్యం సంచి మీద కూర్చోబెట్టాను.

ఇక్కడ ఒక వాదనకు జవాబు చెప్పాలి. మెత్తటి సంచిని ఎడమ చేత్తో పిసుకుతూ గురి దించుకోవచ్చు, వదులుతూ పైకి తెచ్చుకోవచ్చు, అంత సులువు ఇంకెక్కడుంది అంటారు. నిజమే. నేల మీద పడుకుని, ముందు రెండు కాళ్ల స్టాండ్ బిగించుకుని కాల్చేవాళ్లకు ముందు వైపు ఎత్తు మార్చుకునే వీలు ఉండదు, వాళ్లకు ఆ పిసికే సంచే దిక్కు. చేతిలో పట్టేంత, తేలిగ్గా ఉన్నది వాళ్లు ఎంచుకోవడంలో తప్పు లేదు. కానీ బల్ల మీద ఎత్తూ పక్కలూ మార్చుకునే ముందు స్టాండ్ ఉన్నవాడు కూడా సంచి పిసకడం నాకు అర్థం కాదు. పిసికి పట్టుకోవడమంటే రైఫిల్ వెనుక భాగాన్ని నీ అరచేతి కండ మోస్తోందని. ఆ కండలో నాడి కొట్టుకుంటుంది, పది సెకన్లలో అలసట వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, కుడి చూపుడు వేలు ట్రిగ్గర్ వదిలే క్షణంలో ఎడమ చెయ్యి కూడా దానికి తోడుగా కొద్దిగా బిగుస్తుంది, లేదా సడలుతుంది. అది మనకు తెలియకుండానే జరిగిపోతుంది. కావాలంటే ఖాళీ రైఫిల్‌తో చేసి చూడండి. సంచి పిసికి పట్టుకుని ట్రిగ్గర్ నొక్కండి, స్కోప్‌లో గీత ఎటు ఎగిరిందో చూడండి. తర్వాత గట్టి సంచి మీద చెయ్యి తీసేసి నొక్కండి. ఆ తేడాను ఒక్కసారి చూశాక నేను మళ్లీ పిసకలేదు.

గట్టి సంచి పని వేరే తీరుగా ఉంటుంది. ముందు స్టాండ్‌తో గురి పెడతావు, సంచి ఊరికే మోస్తుంది. చిన్న సవరణ కావాలంటే సంచినే ఒక వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరుపుతావు. బట్ అడుగు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి సంచి జరిగితే ఎత్తు మారుతుంది. అలవాటు పడడానికి నాకు రెండు వారాలు పట్టింది.

ఆ ఏటవాలు గురించి కూడా చెప్పాలి. కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి జారుతుంది. అప్పుడు సంచి మీదికి బట్‌లో ముందువైపు భాగం వస్తుంది, అది కాస్త పైకి ఉంటుంది కాబట్టి వెనుక భాగం కిందికి దిగి మూతి లేస్తుంది. ప్రతి గుండు తర్వాతా రైఫిల్ సరిగ్గా మొదటి చోటికి తిరిగి రాకపోతే గురి మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. బెంచ్‌రెస్ట్ కోసమే చేసిన రైఫిళ్లలో బట్ అడుగును గొట్టానికి దాదాపు సమాంతరంగా చెక్కేది ఇందుకే. మనలాంటి మామూలు స్టాక్ (రైఫిల్ చెక్క ఒళ్లు) ఉన్నవాళ్లకు సంచి చెవులే ఆధారం.

చెవులంటే సంచి పైన కుందేలు చెవుల్లా నిలబడే రెండు తోలు మడతలు. వాటి మధ్య బట్ కూర్చుంటుంది. దుకాణంలో ఈ చెవుల ఎత్తు చూసి మురిసిపోతారు. నేను చూడమనేది వాటి మధ్య సందును. బట్ అడుగు గుండ్రంగా ఉంటే సందు కింద కాస్త విశాలంగా ఉండాలి, కోసుగా ఉంటే ఇరుగ్గా ఉండాలి. బట్ కింద కూడా ఆనాలి, రెండు పక్కలా చెవులకూ ఆనాలి. చెవుల మధ్య ఇరుక్కుపోయి కింద గాలిలో ఉంటే, కాల్చిన ప్రతిసారీ కాస్త లోపలికి దిగుతుంది, మళ్లీ ఆ నిలువు వరుసే. చెవులు మెత్తగా ఉండి పక్కలకు వాలిపోతే ఈసారి గుండ్లు అడ్డంగా పారతాయి.

ఇక కొనాలా, కుట్టించాలా? అమెరికాలో ప్రొటెక్టర్, ఎడ్జ్‌వుడ్ లాంటివాళ్ల తోలు సంచులకు మంచి పేరుంది. ఇండోనేషియాలో సెబ్ పేరుతో చేసే సంచులు, ముందు స్టాండ్లు ప్రపంచ పోటీల్లో కనిపిస్తాయి. కొనగలిగినవాళ్లు కొనుక్కోండి, మంచి పనితనం. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, బరువు వల్ల ఇలాంటివి ఎక్కువగా ఖాళీగానే పంపిస్తారు. ఎంత దూరం నుంచి తెప్పించినా లోపల పోసేది మన ఇసుకే. సంచి బాగోగుల్లో సగం ఆ ఇసుకలోనే ఉంది, ఆ సగం ఎవరికీ డబ్బు కట్టకుండా మన చేతిలోనే ఉంది.

నేను కుట్టించాను. నల్లగొండ గడియారం సెంటర్ వైపు చెప్పులు కుట్టే ఒక పెద్దాయన దగ్గరికి అట్టతో చేసిన నమూనా పట్టుకుపోయాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "గిది దేనికి సారూ? గుర్రం జీను లెక్కున్నది" అన్నాడు. రైఫిల్ సంగతి చెప్పాను. మొదటిసారి నా మాట విని చెవులకు మేకతోలు వేశాడు, పనిలో పనిగా "సాగుతది సారూ, మీ ఇష్టం" అని చెప్పాడు కూడా. పదిహేను రోజుల్లో సాగింది. చెవులు వాలిపోయాయి. రెండోసారి ఆయన మాట విన్నాను. ఒళ్లంతా, చెవులు కూడా, మందపాటి బర్రెతోలు. నున్నటి వైపు బయటికి. మైనం పట్టించిన నైలాన్ దారంతో రెండు వరుసల కుట్టు. వెనుక వైపు ఇసుక పోయడానికి వేలెడంత నోరు, దానికి లోపలి నుంచి తోలు నాలుక. ఇసుక బరువు లోపలి నుంచి నెట్టి ఆ నాలుకే నోరు మూసేస్తుంది. ఈ ఉపాయం ఆయనదే. మా నేలలో తోలు పదును చేయడానికి తంగేడు చెక్క వాడేవాళ్లని ఆ రోజు కుడుతూ ఆయనే చెప్పాడు. రాష్ట్ర పుష్పమని బతుకమ్మలో పేర్చే తంగేడుకు ఇంకో బతుకు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

లోపల ఏం పోయాలి అన్న దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. నా సంచి మూడు లీటర్లు పడుతుంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర ఊక ఎంతైనా దొరుకుతుంది, కానీ మూడు లీటర్ల ఊక అరకిలో కూడా తూగదు. బియ్యం పోస్తే రెండున్నర కిలోల లోపు. సజ్జలు, జొన్నలు కూడా ఇంచుమించు అంతే. పైగా గింజలు గుండ్రంగా, నున్నగా ఉంటాయి, బరువు పడితే ఒకదాని మీద ఒకటి జారుతూనే ఉంటాయి. పురుగు పడుతుంది, ఎలుక కొరుకుతుంది, వానాకాలంలో ముక్క వాసన వస్తుంది. ఎండిన ఏటి ఇసుక పోస్తే అదే సంచి దాదాపు ఐదు కిలోలు తూగుతుంది. పోటీల్లో ఎయిర్ రైఫిళ్లను బరువును బట్టి తరగతులు చేస్తారు, హెవీ వార్మింట్ అనే తరగతిలో రైఫిల్ బరువుకు పరిమితి 6.8 కిలోలు, లైట్ వార్మింట్‌లో 4.76 కిలోలు. సంచి కనీసం రైఫిల్ అంత బరువు ఉండాలన్నది నా లెక్క. రైఫిల్ కన్నా తేలికైన సంచి రైఫిల్‌తో పాటు కదులుతుంది.

ఇంకా బరువు కావాలంటే గార్నెట్ ఇసుక ఉంది. మామూలు ఇసుక రేణువు నీటికన్నా రెండున్నర రెట్లకు పైగా బరువైతే గార్నెట్ దాదాపు నాలుగు రెట్లు. నీటి ధారతో రాళ్లు, ఇనుప రేకులు కోసే యంత్రాల్లో దాన్నే వాడతారు, హైదరాబాద్ పారిశ్రామిక వాడల్లో మూటలుగా దొరుకుతుంది. అది పోస్తే నా సంచి ఏడు కిలోల దగ్గరికి వెళ్తుంది. రేణువులు కోసుగా ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి పట్టుకుని కదలకుండా కూర్చుంటాయి. పెద్ద రైఫిల్ వాడేవాళ్లకు అదే మేలు.

నేను ఏటి ఇసుకతో ఆగాను. దానికోసం వాగుకు పోయి తవ్వక్కర్లేదు, ఇల్లు కట్టేచోట మేస్త్రిని అడిగితే బకెట్ ఇస్తాడు. మూసీదైనా, కృష్ణదైనా, పాలమూరు వైపు దుందుభిదైనా ఒకటే. రోబో ఇసుక మాత్రం వద్దు, అందులో రాతిపొడి ఎక్కువ, కుట్లలోంచి కారుతూనే ఉంటుంది, సంచి రోజురోజుకూ వదులవుతుంది. ఏటి ఇసుకను నాలుగు నీళ్లు కడిగితే ఒండ్రు పోతుంది. మేడ మీద రెండు రోజులు ఎండబెట్టి, దోమల జాలీతో జల్లెడ పట్టాలి. జల్లెడ పట్టేటప్పుడు ముక్కుకు సన్న దుమ్మును ఆపే మాస్కు పెట్టుకోండి. ఆ తెల్లటి దుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చుంటే తిరిగి రాదు, క్రషర్లలో పనిచేసినవాళ్ల దగ్గును దగ్గర నుంచి విన్నాను కాబట్టి చెబుతున్నాను.

పోసే పద్ధతి కూడా పనిలో భాగమే. ముందు చెవుల్లోకి పోసి, సన్న కర్రతో కూరాలి. తర్వాత ఒంట్లోకి గుప్పెడు గుప్పెడు పోస్తూ, పక్కల మీద సుత్తి పిడితో తట్టాలి. నిండిందనిపించాక ఒక రాత్రి వదిలేస్తే పొద్దునకు వేలెడు దిగుతుంది. మళ్లీ పోయాలి. నాకు మూడు రాత్రులు పట్టింది. బొటనవేలితో గట్టిగా నొక్కితే కొద్దిగా మాత్రమే దిగాలి. పోటీలకు వెళ్లేవాళ్లు అక్కడి నియమాలు ముందే చదువుకోండి, సంచి బల్లకు అతికించి ఉండకూడదు, దాని తయారీకి కూడా షరతులుంటాయి.

కింది భాగం సంగతి. నా బల్ల ఇటుకల కట్టు మీద పరిచిన షాబాద్ బండ. బల్లగా అంతకన్నా గట్టిది అక్కర్లేదు కానీ, నున్నటి బండ మీద తోలు జారుతుంది. సంచి కింద పాత ట్యూబు రబ్బరు ముక్క పరిచాను, జారడం ఆగింది. సంచి అడుగు ఉబ్బి ఉంటే అది గిన్నెలా ఊగుతుంది, ఎంత బరువు పోసినా లాభం లేదు. కుట్టేటప్పుడే అడుగున చదునైన గట్టి తోలు అట్ట పెట్టించండి. చాలా సంచులు నాశనమయ్యేది అక్కడే. ఎత్తు చాలకపోతే కింద చెక్క పెట్టుకోవచ్చు, సంచిని ఉబ్బించి ఎత్తు తేవద్దు. చెవుల మీద కాస్త టాల్కం పౌడర్ రాస్తే రైఫిల్ ప్రతిసారీ ఒకేలా జారుతుంది. నూనె రాయకండి, దుమ్ము పట్టి జిడ్డవుతుంది.

ఇంతా చెప్పి ఒక మినహాయింపు చెప్పకపోతే అన్యాయం. గొట్టం వంచి స్ప్రింగ్ బిగించే ఎయిర్ రైఫిల్ ఉన్నవాళ్లు నా మాట యథాతథంగా పాటించవద్దు. స్ప్రింగ్ వదలగానే లోపలి పిస్టన్ ముందుకు దూకుతుంది, రైఫిల్ వెనక్కి తంతుంది, పిస్టన్ కొసకు చేరేసరికి మళ్లీ ముందుకు గుంజుతుంది. ఇదంతా పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే. గట్టి సంచి మీద పెడితే ఆ తన్ను తిరిగి రైఫిల్‌కే తగిలి గుండ్లు ఎక్కడెక్కడో పడతాయి. వాళ్లు ముందు భాగాన్ని అరచేతిలో వదులుగా ఆనించుకుని, వెనుక బిగించకుండా కాల్చడమే మంచిది. నేను చెప్పిందంతా సిలిండర్‌లో ముందే గాలి నింపి పెట్టుకునే పీసీపీ రైఫిళ్లకు, రిమ్‌ఫైర్‌కు, ఆపై వాటికి.

కొత్త సంచి పెట్టిన మొదటి రోజు నేను కాల్చలేదు. గురి పెట్టి, చేతులు తీసేసి, మామ ఫోన్‌లో రెండు నిమిషాలు టైమర్ పెట్టాను. గీత గుర్తు నడిమధ్యలో నిలబడింది. మామను పిలిచి చూపించాను. ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసి, "కదుల్తలేదుగా" అన్నాడు. ఆ తర్వాతే పెల్లెట్ల మ్యాగజైన్ రైఫిల్‌లో పెట్టాను. ఐదు రంధ్రాలూ ఒకదాన్నొకటి కొరికి ఒకే చిరుగుగా మారాయి, కాస్త కుడికి. ఆ కుడి సంగతి గాలిది, అది ఇంకో రోజు రాస్తాను.

ఇప్పుడు వానలు మొదలయ్యాయి. తోలు లోపలికి చెమ్మ చేరితే ఇసుక గడ్డ కట్టి ఒక పక్కకు వాలుతుంది, నిరుడు భాద్రపదంలో నాకు అదే జరిగింది. అందుకని నిన్న సంచి నోరు విప్పి ఇసుకంతా మేడ మీద పట్టా పరిచి పోశాను. మబ్బు పడితే పట్టా మడవమని ఇంట్లో పిల్లలకు చెప్పి వచ్చాను.